ఆ గది ఖాళీగానే ఉంది

పోయిన నెల నిజాంపేటలో మా ఫ్లాట్ ఖాళీ అయింది. టులెట్ బోర్డు కట్టిన సాయంత్రమే బ్రోకర్ ఫోన్ చేశాడు. అద్దె ఎంత, మెయింటెనెన్స్ అందులోనేనా, అడ్వాన్సు ఎన్ని నెలలు, మంజీరా నీళ్లు వస్తాయా అని అన్నీ అడిగాడు. చివర్లో మామూలుగా, "సార్, ఎవరికి చూపియ్యమంటరు? మనోళ్లకేనా, ఎవరైనా ఓకేనా?" అన్నాడు.

అడిగినందుకు అతన్ని తప్పుపట్టను. అడగకుండా ఎవరినో తీసుకొస్తే ఓనర్ల చేత మాట పడేది అతనే. నేను మాత్రం వెంటనే "ఎవరైనా ఓకే" అనాల్సింది. అనలేదు. అసోసియేషన్ వాళ్లు ఏమంటారో, ఊరి నుంచి అమ్మ వచ్చినప్పుడు ఏమంటుందో అన్నీ ఒక్క క్షణంలో తిరిగాయి. "రేపు చెప్తా" అని ఫోన్ పెట్టేశాను.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఎందుకంటే ఇదే ప్రశ్నకు ఇరవై ఏళ్ల కిందట నేను అవతలి వైపు నిలబడ్డాను. ఆ ప్రశ్న అప్పుడు నాకు మేలు చేసింది.

ఎస్సార్ నగర్, 2003

నేను ఇంజినీరింగ్ పూర్తి చేసింది 2002లో. మూడేళ్లు ముందు పూర్తి చేసిన సీనియర్లకు, కంప్యూటర్లను 2000 సంవత్సరం తేదీలకు సిద్ధం చేసే వైటూకే పని దొరికింది. అమీర్‌పేటలో మూడు నెలలు కోర్సు చేసి అమెరికా విమానం ఎక్కినవాళ్లు మా ఊళ్లోనే నలుగురున్నారు. మేం బయటికొచ్చేసరికి ఇంటర్నెట్ కంపెనీల డాట్‌కామ్ బుడగ పేలిపోయింది, కంపెనీలు ఉన్నవాళ్లనే తీసేస్తున్నాయి. మా బ్యాచ్‌లో తెలివి తగ్గలేదు, సంవత్సరం మారింది అంతే. కెనడాలో మాంద్యం సమయంలో డిగ్రీ పూర్తి చేసినవాళ్ల జీతాలు దాదాపు పదేళ్ల దాకా వెనకబడే ఉన్నాయని అక్కడి ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. పుట్టిన ఏడాది కూడా మన చేతిలో లేని విషయమే.

నేనూ, నా క్లాస్‌మేటూ ఖమ్మం నుంచి ఒకే బస్సులో వచ్చాం. ఒకే ఇన్‌స్టిట్యూట్‌లో జావా కోర్సుకి చేరాం. తెలిసినవాళ్ల గదిలో ఆరుగురం సర్దుకుని పడుకుంటూ సొంత గది కోసం వెతుకుతున్నాం. ఒకరోజు ఉదయం అతను ఒక గది చూసొచ్చాడు. మేడ మీద గది, విడిగా బాత్రూమ్, నెలకు పదిహేను వందలు. ఓనర్ పేరు అడిగారట, అతను చెప్పాడు. నిన్ననే ఇచ్చేశాం బాబూ అన్నారట. ఆ మధ్యాహ్నం టీ తాగుతూ ఈ సంగతి చెప్పి, ఆ గల్లీ ఎక్కడ మళ్లాలో, మూల మీద ఏ కిరాణా కొట్టుందో, గేటు ఏ రంగులో ఉందో కూడా చెప్పాడు. అతనిది ముస్లిం పేరు.

సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ నుంచి వస్తూ ఆ గల్లీ వైపు మళ్లాను. బోర్డు అలాగే ఉంది. ఓనర్ గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. మీదే ఊరు బాబూ అన్నారు. తర్వాత ఇంటిపేరు, తర్వాత నాన్న ఏం చేస్తారు. ఆయన అత్తగారిది మా పక్క మండలమే. ఆంటీ టీ తెచ్చారు. పది నిమిషాల్లో తాళం చెవి నా చేతిలో ఉంది.

నాకు తెలియలేదా అంటే, తెలిసింది. టీ కప్పు చేతిలో ఉన్నప్పుడే తెలిసింది. నా స్నేహితుడికి మాత్రం "బోర్డు ఇంకా ఉంటే ఊరికే అడిగాను, ఇచ్చేశారు" అన్నాను. "మంచిదే కదరా, కలిసొచ్చింది నీకు" అన్నాడు. మళ్లీ ఆ మాట మా మధ్య రాలేదు.

అతను యాకుత్‌పురాలో వాళ్ల పిన్ని ఇంట్లో ఉండి, రెండు బస్సులు మారి వచ్చేవాడు. ఇన్‌స్టిట్యూట్‌లో రాత్రి తొమ్మిది తర్వాత కంప్యూటర్లు ఖాళీగా ఉండేవి. నేను నడిచి వెళ్లే దూరంలో ఉన్నాను కాబట్టి మూసేదాకా కూర్చునేవాణ్ణి. అతను ఎనిమిదికల్లా బస్సు కోసం బయల్దేరాల్సి వచ్చేది. నాకు మొదటి ఉద్యోగం గురించి చెప్పింది అలా రాత్రిపూట ల్యాబ్‌లో పరిచయమైన ఒక సీనియర్. మర్నాడు వాక్-ఇన్ ఉందన్నాడు, వెళ్లాను, వచ్చింది. నా స్నేహితుడి జీవితం పాడైపోయిందని అనడం లేదు. అతను తర్వాత నెట్‌వర్కింగ్ వైపు వెళ్లాడు, ఇప్పుడు సొంతంగా చిన్న వ్యాపారం ఉంది, బాగానే ఉన్నాడు. కానీ నాకు ఆరు నెలల్లో అందినదాని కోసం అతను రెండేళ్లు తిరిగాడు.

ఏళ్ల తరబడి నేను దీన్ని అదృష్టం అనే చెప్పుకున్నాను. ఆ మాటకు అర్థం కంటికి కనపడనిది అని. కనపడనిది నాకే. నా స్నేహితుడికి అది గేటు దగ్గరే కనపడింది. ఒకే ఇంటి ముందు, ఒకే రోజు, ఒకే ఓనర్ అడిగిన ఒకే ప్రశ్న నాకు అదృష్టమైంది, అతనికి పక్షపాతమైంది. ఈ రెండింటినీ రెండు వేర్వేరు విషయాలుగా ఎలా మాట్లాడుకుంటున్నామో ఇప్పుడు నాకు అర్థం కావడం లేదు.

ఇది నా ఒక్కడి అనుభవమైతే ఇంత రాసేవాణ్ణి కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే పరిశోధకులు పేపర్లలో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం చదువున్న దరఖాస్తులు పంపారు. మారింది పేరు ఒక్కటే. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. అగ్రకులం పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. ఇంటర్వ్యూ దాకా కూడా రాలేదు చూడండి, కవరు దగ్గరే ఆగిపోయింది. 2015లో థోరట్ బృందమే ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ల మీద ఇలాంటి పరిశీలన చేస్తే అక్కడా ఇదే కథ.

అక్క లెక్కలు

పక్షపాతం పరాయివాళ్ల మీదే చూపిస్తారనుకుంటే పొరపాటు. నా విషయంలో అది ఇంట్లోనే మొదలైంది.

మా అక్కకు ఇంటర్‌లో లెక్కల్లో నాకంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. నేను ట్యూషన్‌కి వెళ్లేవాణ్ణి, ఆమె నా పుస్తకాలు చూసి చేసేది. నాన్న ఇద్దరికీ ఫీజులు కట్టలేనన్నాడు. ఆ మాట అబద్ధం కాదు, నిజంగానే కట్టలేడు. ఎవరికి కట్టాలన్న దాని మీద మాత్రం మా ఇంట్లో చర్చ జరగలేదు. అక్క ప్రైవేటుగా డిగ్రీ కట్టింది, 2000లో పెళ్లి చేశారు. నా ర్యాంకు అంత మంచిదేం కాదు, అయినా నాన్న అప్పు చేసి ఇంజినీరింగ్‌లో చేర్పించాడు.

ఇప్పటికీ మా ఇంటికి వచ్చినప్పుడు అక్క నా ఫ్లాటూ, కారూ చూసి సంతోషంగా, "పెట్టి పుట్టినవురా తమ్ముడూ" అంటుంది. అందులో ఈర్ష్య లేశమైనా ఉండదు. అందుకే ఆ మాట వింటే నాకు తల ఎత్తబుద్ధి కాదు. పోయిన జన్మలో నేనేం పెట్టానో తెలియదు గానీ, ఈ జన్మలో పెట్టింది ఆమె.

"చేసుకున్నవారికి చేసుకున్నంత" అని మనవాళ్లు ఎంత తేలిగ్గా అనేస్తారో! ఎవరికైనా కష్టం వస్తే ఆ మాటతో పక్కకు తప్పుకోవచ్చు, మనకు మేలు జరిగితే అదే మాటతో దాచుకోవచ్చు. అమెరికా సైకాలజిస్టు మెల్విన్ లెర్నర్ దీని మీద ఏళ్ల తరబడి పని చేశాడు. లోకం న్యాయంగానే నడుస్తోందని నమ్మాలన్న కోరిక మనిషిలో ఎంత బలంగా ఉంటుందంటే, అకారణంగా బాధపడుతున్న మనిషిని చూసినా అతనిలోనే ఏదో లోపం ఉండి ఉంటుందని వెతుకుతామట.

ఇంకో పరిశీలన నన్ను బాగా పట్టుకుంది. షాయ్ డేవిడాయ్, థామస్ గిలోవిచ్ 2016లో రాసింది. ఎదురుగాలి వీస్తే ప్రతి నిమిషం తెలుస్తుంది, వెనక నుంచి తోసే గాలి కాసేపటికే మరపుకొస్తుంది అని. నన్నడిగితే నా ఆరుగురి గది, పస్తులున్న రోజులు, ఇంగ్లీషు రాక పడ్డ అవమానం గంటసేపు చెప్పగలను. అవన్నీ నిజంగా జరిగినవే. అక్క ఫీజు, ఆ తాళం చెవి మాత్రం ఎవరైనా గుర్తుచేస్తే తప్ప నోటికి రావు.

చింతచెట్టు

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. ఆ వరదలో చనిపోయినవాళ్లు దాదాపు 15 వేలమంది అని అంచనా.

నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు వారం రోజులు ఆ ఆవరణలో తిరిగాను, ఆ చెట్టు కింద కూర్చున్నాను. చెట్టెక్కినవాళ్లు కష్టపడలేదని ఎవరం అంటాం? చీకట్లో, వానలో, పిల్లల్ని చంకనేసుకుని ఎక్కి ఉంటారు. కొమ్మ వదలకుండా గంటల తరబడి పట్టుకుని ఉంటారు. ఆ పట్టు వాళ్లదే. చెట్టు అక్కడ ఉండటం మాత్రం వాళ్ల కష్టం కాదు. అంతే బలంతో ఈదినవాడు ఇంకో గల్లీలో ఉంటే అతనికి అందడానికి చెట్టు లేదు.

కష్టం గురించి అడిగేవాళ్లకు నేను ఇచ్చే జవాబు కూడా ఇదే. మా ఆఫీసులో ఒక పెద్దాయన, "ఇలా అదృష్టం, అదృష్టం అంటే పిల్లలు చదువుతారా?" అని నిజమైన బాధతో అడిగారు. ఆ భయం నాకూ ఉంది, నాకూ కొడుకున్నాడు. కానీ అమీర్‌పేటలో కష్టానికి ఎప్పుడూ కొరత లేదు. మా బ్యాచ్‌లో అరవై మందిమి ఉంటే యాభై మంది అర్ధరాత్రి దాకా చదివేవాళ్లే. అందరూ ఒకేలా కష్టపడే చోట ఎవరు ముందు గట్టెక్కుతారన్నది కష్టం తేల్చదు, ఇంకేవో తేలుస్తాయి. కష్టం లేకపోతే అసలు వరసలోకే రాము, అది నిజం. వరసలో మనకంటే వెనక ఆగినవాడు తక్కువ కష్టపడ్డాడని మాత్రం ఎలా అంటాం?

వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహాతో ఎగువన రెండు జలాశయాలు కట్టారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. కృతజ్ఞతతో కట్టారని అనను, భయంతోనే కట్టి ఉంటారు. కానీ చెట్టుకు దండం పెట్టి ఊరుకోలేదు. మళ్లీ ఎవరూ చెట్టు కోసం వెతుక్కోకూడదని అనుకున్నారు, అది చాలా పెద్ద విషయం.

మా ఇంట్లోనూ అలాంటిదొకటి జరిగింది. అక్క కూతురు ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్ చేసింది. కాలేజీలకు బకాయిలు ఆగుతాయి, సర్టిఫికెట్ల కోసం పిల్లలు తిరగాల్సి వస్తుంది, ఆ బాధలు తెలుసు. అయినా, ఇద్దరిలో ఒకరికే కట్టగలనని మా బావ అనాల్సిన రోజు రాలేదు. ఆ పిల్లకు తమ్ముడున్నాడు.

విశ్వాసం ఎవరి దగ్గర అడుగుతాం

కృతజ్ఞత మంచి గుణమని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఏరు దాటాక తెప్ప తగలేసేవాణ్ణీ, తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణీ ఎవరూ మెచ్చుకోరు. నేనూ మెచ్చుకోను. కానీ మన మధ్య కృతజ్ఞత ఎటు నుంచి ఎటు నడుస్తోందో చూస్తే నాకు దిగులేస్తుంది.

ఆ మధ్య మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకరు రాశారు. వాళ్లింట్లో పనిచేసే ఆమె నెలకు ఐదు వందలు పెంచమని అడిగిందట. "దీపావళికి చీర కూడా పెట్టాం, ఎంత చేసినా విశ్వాసం లేదు" అని. అదే మనిషి వారం కిందట కొడుక్కి అమెరికాలో ఉద్యోగం వచ్చిందని రాస్తూ, అంతా వాడి కష్టమేనన్నారు. ఆమె నాలుగిళ్లలో చేసేది కష్టం కాదా? చీర ఇచ్చినందుకు ఆమె జీవితాంతం గుర్తుంచుకోవాలి, మనకు దొరికినవన్నీ మనం సంపాదించుకున్నవి. ఆ మెసేజీకి నేనూ బొటనవేలు గుర్తు పెట్టాను. అది రాయకుండా ఉంటే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది.

అంబేడ్కర్ జీవితంలో ఒక సంఘటన ఉంది. 1913లో బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. తిరిగొచ్చాక ఆ సంస్థానంలో పనిచేయాలన్నది ఒప్పందం. ఆ మాట నిలబెట్టుకోవడానికే 1917లో బరోడా వెళితే, ఉండటానికి ఊళ్లో చోటు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు రాయించుకుని తలదాచుకున్నారు. పదకొండో రోజున కొందరు కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలో తెలియక పార్కులో కూర్చున్నానని ఆయనే రాసుకున్నారు. చదివించిన ఊరే ఇల్లివ్వలేదు. అలాంటి మనిషి కృతజ్ఞత గురించి ఏమంటారో తెలుసుకోవాలనిపించదా? 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో, దేశానికి జీవితాంతం సేవ చేసినవాళ్ల పట్ల కృతజ్ఞత తప్పు కాదు గానీ దానికి హద్దులున్నాయన్నారు. ఏ మనిషీ తన ఆత్మగౌరవాన్ని పణంగా పెట్టి కృతజ్ఞుడు కాలేడన్న ఐరిష్ నాయకుడు డేనియల్ ఓకానెల్ మాటను గుర్తుచేశారు.

నా విషయంలో పోయింది నా గౌరవం కాదు, నా స్నేహితుడిది. ఆ ఓనర్‌గారు నాకు చాలా చేశారు. జ్వరం వస్తే ఆంటీ గంజి కాచి పంపారు. రెండు నెలలు అద్దె ఆగినా అడగలేదు. ఉద్యోగం వచ్చాక ప్రతి దసరాకీ స్వీట్లు తీసుకుని వెళ్లి కాళ్లకు దండం పెట్టేవాణ్ణి. పదహారేళ్లు వెళ్లాను. ఒక్కసారి కూడా, "అంకుల్, ఆ రోజు ఉదయం ఒకబ్బాయి వచ్చాడు, గుర్తుందా?" అని అడగలేకపోయాను. ఉప్పు తిన్న ఇల్లు కదా అనుకునేవాణ్ణి. ఆయన ఇప్పుడు లేరు. ఆయన చెడ్డవారని ఇప్పటికీ అనలేను, అదే నాకు కష్టంగా ఉంది.

మనవాళ్లు

ఇక్కడ నాకు తెగని సందేహం ఒకటుంది. ఊరు కాని ఊరికి వచ్చిన పల్లెటూరి కుర్రాడికి "మనవాళ్లు" తప్ప ఇంకేముంది? తర్వాత నగర కొత్వాల్ (పోలీసు అధిపతి) అయిన రాజా బహద్దూర్ వెంకట్రామిరెడ్డి 1918లో రెడ్డి హాస్టల్ పెట్టినప్పుడు జిల్లాల నుంచి వచ్చిన పిల్లలకు హైదరాబాద్‌లో నిలువనీడ దొరికింది. అలాంటి ఆసరా లేకపోతే ఎంతమంది చదువు ఆగిపోయేదో. అందుకని మనవాళ్లకు సాయం చేయడమే పాపమని నేను అనలేను.

కానీ అదే నగరంలో, అంతకు ముందు నుంచే భాగ్యరెడ్డి వర్మ అనే దళిత నాయకుడు దళిత పిల్లల కోసం బడులు పెడుతూ తిరిగాడు. 1906లో జగన్మిత్ర మండలి అనే సంఘం స్థాపించాడు. ఆయన మనవాళ్లు అనుకున్న జనం దగ్గర ఇచ్చేందుకు భవనాలు లేవు, పదవులు లేవు. ఇద్దరూ తమవాళ్ల కోసమే పనిచేశారు. తేడా ఎక్కడుందంటే, ఎవరి చేతిలో ఎన్ని తాళం చెవులున్నాయి అన్న దగ్గర. తాళం చెవులన్నీ కొందరి దగ్గరే ఉన్నప్పుడు, వాళ్లు తమవాళ్లను ప్రేమగా చూసుకున్నా చాలు, మిగతావాళ్లు బయటే ఉండిపోతారు. ఎవరినీ ద్వేషించాల్సిన పని కూడా లేదు.

ఇప్పుడు నా దగ్గర ఒక తాళం చెవి ఉంది. మర్నాడు పొద్దున బ్రోకర్‌కి ఫోన్ చేసి, "ముందు ఎవరు అడ్వాన్సు ఇస్తే వాళ్లకి. పేరు అగ్రిమెంట్ రాసేటప్పుడు చెప్పు" అన్నాను. మా ఆవిడకు ముందే చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "అత్తయ్యకు నువ్వే చెప్పుకో" అంది.

శనివారం ఒకరు టోకెన్ ఇచ్చి వెళ్లారు. ఆదివారం ఇంకో ఫోన్ వచ్చింది. "అన్నా, నమస్తే. మాది ఖమ్మం దగ్గరన్నా. మీదీ అటేనంట కదా." కొత్తగా పెళ్లయిందట, నెల రోజులుగా తిరుగుతున్నారట. మా ఊరి యాస, మా ఊరి వరస. గొంతు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అయిపోయింది తమ్ముడూ అన్నాను. "టోకెనే కదన్నా, వాపస్ ఇచ్చెయ్యొచ్చు కదా. మనోళ్లే ఇట్లంటే ఎట్లన్నా?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. కుదరదని ఫోన్ పెట్టేశాక కూడా మనసంతా అతని దగ్గరే ఉంది. ఎస్సార్ నగర్ గేటు ముందు నిలబడ్డ నేనే ఫోన్ చేసినట్టుంది. ఆ రోజు ఆయన కూడా ముందు వచ్చినవాళ్లకే అనుకుని ఉంటే, నాకు గది లేదు, రాత్రి తొమ్మిది తర్వాత ల్యాబ్ లేదు. ఆ పైన ఏముండేదో ఊహించలేకపోయాను.

ఆ రాత్రి నా స్నేహితుడికి ఫోన్ చేశాను. పిల్లల గురించి, వ్యాపారం గురించి మాట్లాడాక, ఇరవై ఏళ్లలో మొదటిసారి ఆ గది సంగతి ఎత్తాను. అతను ఓనర్‌కి పేరు చెప్పడం, నేను సాయంత్రం వెళ్లడం, నేను చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పాను. అతను మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక అన్నాడు:

"ఆ గది ఖాళీగానే ఉందని నాకు అప్పుడే తెలుసురా. నువ్వు అడిగితే ఇస్తారని కూడా తెలుసు. అందుకే కదా, గేటు రంగుతో సహా చెప్పింది."